వయసూ కాదు... క్యాన్సరూ కాదు!

మీ ఇంట్లో అరవై దాటినవారి రక్తపరీక్షల రిపోర్టు ఏదైనా ఉంటే ఒకసారి బయటకు తీయండి. లివర్ పరీక్షల వరసలో బిలిరుబిన్, ఎస్‌జీపీటీల దగ్గర్లోనే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఒకటుంటుంది. కొందరు ఏఎల్‌పీ అని రాస్తారు. పెద్దల్లో ఇది లీటరుకు సుమారు 40 నుంచి 130 యూనిట్ల మధ్య ఉండాలి. ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ మారుతుంది. ఇది 300, 500 అని కనబడి, పక్కన ‘ఎక్కువ’ అని గుర్తు పెట్టి ఉన్నా చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. షుగరెంత, కొలెస్ట్రాలెంత అని చూసుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. మాస్టర్ హెల్త్ చెకప్ పేరుతో ముప్పై, నలభై పరీక్షలు కలిపి చేసే చోట్లా ఈ అంకె సంగతి విప్పిచెప్పే తీరిక ఎవరికీ ఉండటం లేదు. ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది ఆ అంకె గురించీ, కొన్నిసార్లు దాని వెనక నక్కి ఉండే ఒక ఎముకల జబ్బు గురించీ. దాని పేరు పేజెట్స్ జబ్బు.

పేరు కొత్తగా ఉందా? ఆశ్చర్యం లేదు. మన దేశంలో ఇది అరుదు. బ్రిటన్‌లో, అక్కడి నుంచి వలస వెళ్లినవారు స్థిరపడ్డ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఎక్కువ. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతం ఒకప్పుడు దీనికి పెట్టింది పేరు. అక్కడా ఇప్పుడు తగ్గుముఖం పట్టింది. ఆసియాలో తక్కువే అయినా అసలు లేకపోలేదు. దక్షిణాది పెద్దాసుపత్రుల్లోనూ ఈ కేసులు నమోదయ్యాయి. అరుదైన జబ్బు గురించి ఇంత చోటు ఎందుకంటారా? అరుదు కాబట్టే. ఎవరూ అనుకోని జబ్బును ఎవరూ వెతకరు. దాంతో ఇది వెన్నులో వచ్చినప్పుడు రోగి రెండు దారుల్లో ఏదో ఒకదాన్లో పడిపోతున్నారు. ‘వయసైపోయింది, నొప్పులు మామూలే’ అనిపించుకుని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగటం ఒకటి. స్కాన్‌లో మచ్చలు చూసి ‘క్యాన్సర్ ఎముకలకు పాకింది’ అన్న మాటతో ఇల్లంతా కుప్పకూలటం రెండోది. రెండూ తప్పే కావొచ్చు. సరిగ్గా గుర్తిస్తే చాలామందికి ఒకే ఒక్క ఇంజెక్షన్‌తో ఏళ్ల తరబడి అదుపులో ఉండే జబ్బు ఇది.

ఇంతకీ ఎముకలో జరిగేదేమిటి? ఎముక అనగానే రాయిలా ఒకసారి గట్టిపడి అలాగే ఉండిపోతుందనుకుంటాం. కాదు. అది నిత్యం మరమ్మతులు జరిగే పాత ఇల్లు లాంటిది. ఒక రకం కణాలు పాతబడిన ఎముకను కొంచెం కొంచెంగా తొలిచేస్తుంటాయి. వీటిని ఆస్టియోక్లాస్టులంటారు. ఆ వెనకే మరో రకం కణాలు, ఆస్టియోబ్లాస్టులు, ఆ గుంతను కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. పెద్దవారిలో ఏటా ఒంట్లోని ఎముకలో దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. పగలగొట్టే కూలీలూ, కట్టే మేస్త్రీలూ ఒకరి లెక్క ఒకరికి తెలిసి పని చేసినంత కాలం ఇంటికి ఢోకా లేదు.

పేజెట్స్‌లో ఈ లెక్క తప్పుతుంది. ఆస్టియోక్లాస్టులు సంఖ్యలోనూ, సైజులోనూ విపరీతంగా పెరుగుతాయి. మామూలుగా ఒక్కో కణంలో ఐదో పదో కేంద్రకాలుంటే, ఈ జబ్బులో కొన్నింటిలో వంద వరకూ కనిపిస్తాయి. అవి ఎడాపెడా తొలిచేస్తుంటే మేస్త్రీలు కంగారుగా, వచ్చింది వచ్చినట్టు కట్టేస్తుంటారు. వరస లేదు, మట్టం లేదు. ఫలితంగా ఎముక సైజు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. చూడటానికి లావుగా ఉంటుంది, లోపల పెళుసు. రక్తనాళాలూ విపరీతంగా పెరుగుతాయి. మోకాలి కింది ఎముకలో వచ్చిన కొందరిలో పైన చెయ్యి వేస్తే వేడిగా తగులుతుంది. ఏఎల్‌పీ పెరిగేదీ ఇందుకే. కొత్త ఎముకను కట్టే కణాల నుంచి వచ్చే ఎంజైమే అది. పని హడావుడి ఎంతుంటే అంకె అంత.

ఈ జబ్బుకు పేరునిచ్చిన జేమ్స్ పేజెట్ లండన్ సర్జన్. తను ఇరవై ఏళ్ల పాటు గమనించిన ఒక రోగి కథను 1877లో ప్రచురించారు. ఆ రోగికి కాళ్లు వంగిపోయాయి, వెన్ను గూనిగా మారింది, తల పెరుగుతూ వచ్చి టోపీ సైజు మార్చుకోవాల్సి వచ్చింది. పేజెట్ దీన్ని ఎముక వాపు జబ్బనుకున్నారు. అది వాపు కాదని తర్వాత తేలింది గానీ ఆయన చేసిన వర్ణనలో మాత్రం ఇప్పటికీ వంక పెట్టటానికి పెద్దగా ఏమీ లేదు. ఓపిగ్గా ఒకే మనిషిని ఇరవై ఏళ్లు చూసిన డాక్టరు ఆయన. ఈ రోజుల్లో మూడు నెలలకో ఆసుపత్రి మార్చే మన అలవాటు చూస్తే అదొక్కటీ ఎరువు తెచ్చుకోదగ్గది.

ఇది ఒంట్లోని అన్ని ఎముకలకూ వచ్చేది కాదు. ఒకటో రెండో, నాలుగో ఎముకల్లో వస్తుంది. కటి ఎముక తర్వాత ఎక్కువగా కనిపించేది వెన్నులోనే, అందులోనూ నడుము భాగంలో. తొడ ఎముక, పుర్రె, మోకాలి కింది ఎముకల్లోనూ రావొచ్చు. పుర్రెలో వస్తే కొందరికి వినికిడి తగ్గుతుంది. చాలామందికి అసలు ఏ బాధా ఉండదు. మరేదో కారణంతో తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. అలాంటివారు బెంబేలు పడాల్సిన పని లేదు.

వెన్నులో వచ్చి బాధ పెట్టినప్పుడు మాత్రం దాని తీరు గుర్తు పెట్టుకోండి. పనిచేస్తే వచ్చి పడుకుంటే పోయే నొప్పి కాదిది. లోపల్నుంచి తొలుస్తున్నట్టు, రాత్రి పడుకున్నా వదలకుండా ఉంటుంది. వెన్నుపూస సైజు పెరిగేకొద్దీ వెన్నుపాము, నాడులు సాగే సొరంగం ఇరుకైపోతుంది. అప్పుడు మరో రకం బాధ మొదలవుతుంది. నాలుగడుగులు వేస్తే కాళ్లు బరువెక్కి తిమ్మిర్లు, ఎవరి అరుగు మీదో కాసేపు కూర్చుంటే తగ్గటం, మళ్లీ లేచి నడిస్తే మళ్లీ అదే. సైకిల్ హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగి నడిస్తే హాయిగా ఉందంటారు కొందరు. వంగినప్పుడు ఆ సొరంగం కాస్త తెరుచుకోవటమే కారణం. అరిగిన డిస్కుల వల్లా ఇలాగే వస్తుంది, అదే ఎక్కువ కూడా. అందుకే లక్షణాన్ని బట్టి జబ్బు పేరు చెప్పెయ్యలేం.

విచిత్రమేమిటంటే, కొందరిలో నాడుల మీద ఒత్తిడి స్కాన్‌లో అంతగా కనబడకపోయినా కాళ్లు బలహీనపడుతుంటాయి. జబ్బు పడ్డ పూస రక్తాన్ని ఎక్కువగా గుంజేసుకుంటుంటే పక్కనే ఉన్న వెన్నుపాముకు చాలినంత అందకపోవటం దీనికి కారణమని భావిస్తున్నారు. మందుతో ఎముక హడావుడి తగ్గగానే ఆపరేషన్ లేకుండానే కాళ్లలో బలం తిరిగొచ్చినవారు ఉన్నారు.

ఇక అసలు చిక్కు, జబ్బును గుర్తించటం. ఏఎల్‌పీ పెరిగిందంటే మొదట తేల్చుకోవాల్సింది అది లివర్ నుంచా, ఎముక నుంచా అని. జీజీటీ అనే మరో రక్తపరీక్ష ఇందుకు బాగా పనికొస్తుంది. ఏఎల్‌పీ పెరిగి జీజీటీ మామూలుగా ఉంటే చూపు ఎముకల వైపు తిప్పాలి. ఎముకల్లోనూ పేజెట్స్ మొదటి అనుమానం కాకూడదు. మన దగ్గర అంతకంటే చాలా ఎక్కువగా కనిపించేది విటమిన్-డి లోపం. ఎండకు కొదవలేని నేలలో ఇదేం విడ్డూరమోగానీ, నీడపట్టున గడిపేవారిలో విరివిగా ఉంది. అది తీవ్రమైతే ఎముకలు మెత్తబడి ఏఎల్‌పీ పెరుగుతుంది. కాబట్టి విటమిన్-డి, క్యాల్షియం చూడకుండా ముందుకెళ్లటం పొరపాటు.

తెలుగు నేల మీద ఇంకో చిక్కుంది. అది ఫ్లోరోసిస్. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఈ సమస్యను 1937లోనే వైద్యులు లోకానికి చెప్పారు. నల్గొండ గోడు అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగినవారి వెన్నూ బిగుసుకుపోతుంది, ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది, ఏఎల్‌పీ పెరగొచ్చు, నాడులూ నలగొచ్చు. అయితే ఫ్లోరోసిస్ వెన్ను మొత్తాన్నీ, కటినీ, పక్కటెముకల్నీ ఒకేలా పట్టుకుంటుంది. ఎముకల్ని కలిపే బంధనాలు రాయిలా మారతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం దాని ప్రత్యేక గుర్తు. పేజెట్స్ అలా కాదు. ఒక పూస పూర్తిగా పాడైతే దాని పక్కది శుభ్రంగా ఉంటుంది. పాడైన పూస తన తోటివాటి కంటే సైజు పెద్దదిగా ఉంటుంది. అంచులు మందంగా, మధ్యలో పల్చగా కనబడి ఫొటో ఫ్రేమును తలపిస్తుంది. అనుభవమున్న రేడియాలజిస్టు మామూలు ఎక్స్‌రేతోనే దీన్ని పట్టేస్తారు. ‘మాది నల్గొండ జిల్లా, ఇది ఫ్లోరైడు నొప్పే’ అని మీకు మీరే తేల్చేసుకోకండి. డాక్టర్లనూ ఊరి పేరు వినగానే తేల్చెయ్యనివ్వకండి. ముంజేయి, కటి, వెన్ను ఎక్స్‌రేలు మూడు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా వరకూ విషయం తేలిపోతుంది.

క్యాన్సర్ దగ్గరికొద్దాం. పెద్దవయసు మగవారిలో నడుంనొప్పి, పెరిగిన ఏఎల్‌పీ, బోన్ స్కాన్‌లో రెండు మూడు చోట్ల నల్లటి మచ్చలు... ఈ మూడూ చూస్తే ఏ డాక్టరైనా ముందు అనుమానించేది ప్రొస్టేట్ క్యాన్సర్ పాకిందేమోననే. అనుమానించాలి కూడా. మన దేశంలో పేజెట్స్ కంటే అదే చాలా ఎక్కువ. కాబట్టి ఈ వ్యాసం చదివి ‘మా నాన్నగారికి కూడా క్యాన్సర్ కాదేమో’ అని చికిత్స వాయిదా వేస్తే అంతకంటే అన్యాయం లేదు. మేం చెప్పేది వేరు. బోన్ స్కాన్ ఎక్కడెక్కడ ఎముక చురుగ్గా ఉందో చెబుతుందేగానీ ఎందుకు చురుగ్గా ఉందో చెప్పదు. మచ్చలు కనబడ్డ ప్రతిచోటా మామూలు ఎక్స్‌రే, అవసరమైతే సీటీ, ఎమ్మారై తీసి పోల్చాలి. మగవారికి పీఎస్‌ఏ పరీక్ష చేయించాలి. అప్పటికీ తేలకపోతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి. బయాప్సీ అనగానే ‘కెలికితే ముదురుతుంది’ అంటూ వెనకాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కెలక్కుండా అనుమానంతో బతకటమే అసలు నరకం. జ్వరం, బరువు తగ్గటం ఉంటే వెన్ను క్షయ సంగతి కూడా మర్చిపోకూడదు. మన దగ్గర అదీ తక్కువేం కాదు.

పాత రిపోర్టులు బయటకు తీయాల్సింది ఇక్కడే. ఐదేళ్ల కిందట కూడా ఏఎల్‌పీ ఇలాగే ఎక్కువుందా? అప్పటి ఎక్స్‌రేలో ఆ పూస అలాగే ఉందా? ఏళ్ల తరబడి మెల్లగా సాగిందంటే పేజెట్స్ వైపు మొగ్గు పెరుగుతుంది. పైసా ఖర్చు లేని సాక్ష్యం అది.

ఇంకొక్క మాట. పరీక్షలింకా తేలకముందే ‘నాన్నకు చెప్పొద్దు’ అంటూ గుసగుసలు మొదలవుతాయి. ఆయనకు మాత్రం తెలియదా? పిల్లల మొహాలు చూస్తే తెలిసిపోతుంది. క్యాన్సరేనని లోలోపలే కుంగిపోతారు. చివరికి అది పేజెట్స్ అని తేలినా నమ్మరు, ఓదార్పుకు చెబుతున్నారనుకుంటారు. అనుమానం ఉన్నప్పుడు అనుమానం ఉందనే చెప్పటం మేలు. ‘ఇంకా తేలలేదు, ఫలానా పరీక్ష చేస్తే తేలుతుంది’ అంటే పెద్దలు తట్టుకోలేనిదేం కాదు.

చికిత్స విషయానికొస్తే, పేజెట్స్ ఉందని తేలిన ప్రతివారికీ మందు అక్కర్లేదు. ఏఎల్‌పీని ఎలాగైనా మామూలు స్థాయికి దింపి అక్కడే ఉంచాలన్న పట్టుదలతో మందులిచ్చినవారికీ, బాధ ఉన్నప్పుడే ఇచ్చినవారికీ పెద్ద తేడా ఏమీ లేదని బ్రిటన్‌లో జరిగిన ప్రిజమ్ అనే పెద్ద అధ్యయనంలో తేలింది. కాబట్టి మందు ముఖ్యంగా నొప్పి ఉన్నవారికి. దాంతోపాటు నాడులు నలుగుతున్నవారికీ, ఆ ఎముకకే ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చినవారికీ. రక్తనాళాలు ఎక్కువుండే ఎముక కదా, ముందుగా మందిస్తే ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గే వీలుంటుంది.

ఇప్పుడు ముందు వరసలో ఉన్న మందు జొలెడ్రానిక్ యాసిడ్. 5 మిల్లీగ్రాములు, సెలైన్‌లా నరంలోకి, కనీసం 15 నిమిషాల పాటు ఎక్కిస్తారు. తొలిచే కణాలను అదుపు చేస్తుంది. 2005లో వెలువడిన అధ్యయనంలో ఆరు నెలలకు ఈ ఒక్క ఇంజెక్షన్‌తో 96 శాతం మందిలో ఏఎల్‌పీ మామూలు స్థాయికి రావటమో, బాగా తగ్గటమో కనిపించింది. రెండు నెలల పాటు రోజూ రైసెడ్రోనేట్ మాత్ర వేసుకున్నవారిలో అది 74 శాతం. ప్రభావం చాలామందిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇదే మందును ఎముకలు గుల్లబారినవారికి ఏటా ఒకసారి ఇస్తారు. ఆ అలవాటులో పేజెట్స్ వారికీ ఏటా పొడిపించేస్తే అనవసరం. నొప్పి తిరగబెట్టినప్పుడో, ఏఎల్‌పీ మళ్లీ పెరుగుతున్నప్పుడో రెండో డోసు గురించి ఆలోచించాలి. మాత్రలతోనూ ఇదే తికమక. పేజెట్స్‌కు రైసెడ్రోనేట్ రోజూ 30 మిల్లీగ్రాములు, రెండు నెలలు. ఎముకలు గుల్లబారితే ఇచ్చేది ఎక్కువగా వారానికొకసారి 35 మిల్లీగ్రాములు. మందుల షాపులో ‘రెండూ ఒకటేనండీ’ అంటే తీసుకోకండి. వేసుకునేటప్పుడు పరగడుపున, గ్లాసుడు నీళ్లతో, వేసుకున్నాక అరగంట పడుకోకుండా నిటారుగా ఉండాలి.

ఇంజెక్షన్‌కు ముందు చూసుకోవాల్సినవి డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి. కిడ్నీలు ఎలా ఉన్నాయి? సీరం క్రియాటినిన్ చూసి లెక్క కడతారు, వడపోత బాగా తగ్గి 35 లోపు ఉంటే ఈ మందు ఇవ్వకూడదు. విటమిన్-డి ఎంతుంది? ఇది మన దగ్గర మరీ ముఖ్యం. లోపాన్ని సరిచెయ్యకుండా ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో క్యాల్షియం ఒక్కసారిగా పడిపోయి మూతి చుట్టూ తిమ్మిర్లు, చేతివేళ్లు కొంకర్లు పోవటం వంటివి రావొచ్చు. కాబట్టి ముందుగా డి విటమిన్ సరిదిద్దుకుని, ఇంజెక్షన్ తర్వాతా క్యాల్షియం, డి మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి. పన్ను పీకించుకోవాల్సింది ఏదైనా ఉంటే ముందే కానిచ్చెయ్యాలి. అరుదుగానే అయినా, ఈ మందు తర్వాత పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా మొండికేస్తుంది. ఇంజెక్షన్ వేసిన రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావటం మామూలే. నీళ్లు బాగా తాగి, పారాసెటమాల్ వేసుకుంటే సరిపోతుంది. ‘మందు పడలేదు’ అని కంగారు పడొద్దు.

వద్దనుకోవాల్సినవి కూడా చెప్పుకోవాలి. ఎముకల బలానికంటూ రోజూ పొట్ట దగ్గర పొడుచుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్లు పేజెట్స్ ఉన్నవారికి పనికిరావు. ఎముకను కట్టే కణాలను ఎగదోసే మందది, అసలే హడావుడిగా ఉన్నవాటిని. అలాగే సెలూన్‌లో మెడ విరిపించుకోవటం, నడుము మీద మోకాలు పెట్టి లాగించుకోవటం. పెళుసుబారిన పూస విరిగితే తర్వాత ఎవరూ బాధ్యత తీసుకోరు. నడక, ఫిజియోథెరపిస్టు చూపించిన మెల్లటి వ్యాయామాలు మాత్రం మానకండి. మంచం మీద పడుకోబెట్టేస్తే కండరాలు కరిగి నొప్పి ఇంకా ముదురుతుంది.

మందు వేసినా నొప్పి మొత్తం పోదు కొందరికి. జబ్బు వల్ల వంకర తిరిగిన పూసల పక్క కీళ్లు అప్పటికే అరిగిపోయి ఉంటాయి. ఆ అరుగుదల నొప్పికి ఈ మందు పనిచెయ్యదు, దానికి వేరే చికిత్స. ఈ సంగతి ముందే చెప్పకపోవటం వల్లే చాలామంది ‘అంత ఖరీదు ఇంజెక్షన్ వేసినా గుణం లేదు’ అంటూ డాక్టర్లను మారుస్తుంటారు.

కొన్ని లక్షణాలకు మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు. కాళ్లలో బలం వేగంగా తగ్గుతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ఆపరేషన్ అవసరం కావొచ్చు, గంటలే లెక్క. ఏళ్లుగా ఒకేలా ఉన్న నొప్పి ఉన్నట్టుండి విపరీతంగా పెరిగినా, ఆ చోట గడ్డలా ఉబ్బినా వెంటనే చూపించండి. పూస విరిగి ఉండొచ్చు. నూటికి ఒకరిలోపే అయినా, పేజెట్స్ పట్టిన ఎముకలో ఎముక క్యాన్సర్ పుట్టే ముప్పు ఉంది. జేమ్స్ పేజెట్ రోగి చివరికి చనిపోయింది దాంతోనే.

ఇది అంటుకునేది కాదు. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఒకరికంటే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. ఎస్‌క్యూఎస్‌టీఎం1 అనే జన్యువులో మార్పు వీరిలో చాలామందిలో బయటపడింది. ఇంట్లో ఒకరికి పేజెట్స్ అని తేలితే నలభై దాటిన తోబుట్టువులూ, పిల్లలూ కొన్నేళ్లకోసారి ఏఎల్‌పీ ఒక్కటి చూపించుకుంటే చాలు. అది మామూలుగా ఉండి ఒంట్లో నొప్పేమీ లేకపోతే బోన్ స్కాన్‌ల కోసం డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదు.